బిల్లు కడుతూ మన షరతులు పెట్టవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

బిల్లు వెనక చిన్న అక్షరాల్లో "ఈ మొత్తం చెల్లించినచో మారిన నిబంధనలకు మీరు అంగీకరించినట్లే" అని అచ్చువేసే సంస్థలు ఉన్నాయి. అది చదివిన వినియోగదారుకు, అయితే నేనూ డబ్బుతో పాటు ఒక కాగితం జతచేసి "ఈ సొమ్ము తీసుకుంటే నా షరతులకు మీరు ఒప్పుకున్నట్లే" అనవచ్చు కదా అన్న ఆలోచన రావడం సహజం. ఈ ప్రశ్నలకు భారత చట్టం ప్రకారం జవాబులు ఇస్తున్నాం. ఉదాహరణలు ఎక్కువగా కరెంటు బిల్లులవే, ఎందుకంటే తగాదాలు ఎక్కువగా అక్కడే వస్తాయి, చట్టం వినియోగదారుకు స్పష్టమైన దారి చూపించిందీ అక్కడే.

బిల్లు సొమ్ముతో పాటు నా షరతులు రాసి పంపితే అవి కంపెనీకి వర్తిస్తాయా?

నెలనెలా వచ్చే మామూలు బిల్లు విషయంలో వర్తించవు. బిల్లు మీ చేతికి వచ్చేనాటికే ఒప్పందం కుదిరి, సేవ వాడుకోవడం కూడా పూర్తయి ఉంటుంది. మిగిలింది బాకీ తీర్చడమే. బాకీ తీర్చడం మీ బాధ్యత కనుక, దాన్ని ఎరగా చూపి అవతలివారి నుంచి కొత్త హామీ రాబట్టడానికి చట్టం ఒప్పుకోదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 38 ప్రకారం, తన వంతు బాధ్యత నెరవేర్చడానికి ముందుకు వచ్చేవారు ఎలాంటి షరతూ లేకుండా ముందుకు రావాలి. షరతుతో ఇవ్వజూపిన సొమ్మును అవతలివారు తిప్పికొడితే తప్పు వారిది కాదు, గడువు దాటినందుకు పడే అపరాధ రుసుము మాత్రం మీది.

దీనికి తోడు ఆచరణలో మరో అడ్డంకి ఉంది. మీ సొమ్ము తీసుకునే కౌంటర్ ఉద్యోగికి గానీ, యాప్ వెనక ఉన్న కంప్యూటర్‌కు గానీ సంస్థ తరఫున ఒప్పందాలు మార్చే అధికారం ఉండదు. "ఇకపై తప్పుడు బిల్లు పంపిన ప్రతిసారీ నాకు వెయ్యి రూపాయలు ఇవ్వాలి" అని మీరు రాసిన కాగితాన్ని ఎవరూ చదవకుండానే సొమ్ము జమ అవుతుంది. చదవనిదానికి ఒప్పుకున్నారని వాదించి నెగ్గడం కష్టం.

అయితే బాకీ ఎంత అన్నదే తగాదాలో ఉండి, సొమ్ము తీసుకోవడానికీ తిప్పి పంపడానికీ అవతలివారికి నిజమైన స్వేచ్ఛ ఉన్నచోట పరిస్థితి వేరు. అక్కడ షరతుకు బలం ఉంటుంది.

కంపెనీ మాత్రం తనకు నచ్చినట్లు నిబంధనలు మార్చుకోవచ్చా? ఇది ఏకపక్షం కాదా?

ఏకపక్షమే, కానీ పూర్తిగా అడ్డూ అదుపూ లేనిది కాదు. చాలా ఒప్పందాల్లో "ముందస్తు నోటీసుతో నిబంధనలు మార్చే హక్కు సంస్థకు ఉంటుంది" అన్న వాక్యం మొదటి సంతకం నాడే ఉంటుంది. కంపెనీ బలం ఆ వాక్యం నుంచి వస్తుంది తప్ప, బిల్లు మీద అచ్చువేసిన మాట నుంచి కాదు. మీ దగ్గర అలాంటి వాక్యం లేదు కనుక మీ కాగితానికి ఆ బలం లేదు.

ఇలాంటి ఒప్పందాలను ప్రశ్నించడానికి దారి మాత్రం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(46) అన్యాయపు ఒప్పందాన్ని నిర్వచించింది. జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, సహేతుక కారణం లేకుండా ఒప్పందాన్ని ఒకరే రద్దు చేసుకునే హక్కు, వినియోగదారును ఇబ్బందిలో పడేసే అసమంజసమైన చార్జీ లేదా షరతు ఆ నిర్వచనంలోకి వస్తాయి. మామూలు సేవాలోపం ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తుంది గానీ, అన్యాయపు ఒప్పందం మీద ఫిర్యాదు నేరుగా రాష్ట్ర కమిషన్ ముందు వేయాలి. ఇది తెలియక జిల్లా కమిషన్‌లో వేస్తే ఆ ఫిర్యాదు అక్కడ నిలవదు.

రష్యాలో ఒకాయన బ్యాంకు నిబంధనలనే మార్చేసి గెలిచాడని విన్నాం. అది నిజమా?

నిజమే, కానీ దాన్ని బిల్లు చెల్లింపుకు ఉదాహరణగా వాడకూడదు. వొరోనెజ్ నగరానికి చెందిన దిమిత్రీ అగార్కోవ్‌కు టింకాఫ్ బ్యాంకు 2008లో క్రెడిట్ కార్డు దరఖాస్తు పంపింది. ఆయన దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, వడ్డీ, రుసుములు ఉండవన్నట్లు నిబంధనలు తిరగరాసి, సంతకం పెట్టి పంపాడు. బ్యాంకు చదవకుండానే ఆమోదించి కార్డు ఇచ్చింది. తర్వాత బ్యాంకు బకాయి కోసం కోర్టుకెక్కితే, వాడుకున్న అసలు సొమ్ము మాత్రమే ఆయన కట్టాలని కోర్టు తేల్చింది. ఆయన వేసిన కోట్ల రూబుళ్ల ఎదురు దావా మాత్రం 2013లో ఇరుపక్షాలూ కేసులు వదులుకోవడంతో ముగిసింది. ఆయన షరతులు మార్చింది ఒప్పందం కుదరకముందు, అంటే బ్యాంకు కాదనగలిగిన దశలో. కార్డు చేతికొచ్చి బిల్లు వచ్చాక అదే పని చేసి ఉంటే ఫలితం ఉండేది కాదు.

తగాదాలో ఉన్న బిల్లుకు కొంత సొమ్ము ఇచ్చి "ఇంతటితో పూర్తి పరిష్కారం" అని రాస్తే చెల్లుతుందా?

అవతలివారు ఆ మాట మీద ఒప్పుకుని సొమ్ము తీసుకుంటే చెల్లుతుంది. ఈ విషయంలో మన చట్టం ఇంగ్లండు చట్టం కంటే ఉదారంగా ఉంది. అక్కడ పెద్ద బాకీకి బదులు చిన్న మొత్తం తీసుకుంటానన్న మాటకు వేరే ప్రతిఫలం ఏదీ లేకపోతే కట్టుబడనక్కర్లేదన్న సూత్రం 1602 నాటి తీర్పు నుంచి నడుస్తోంది. మన కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 63 అలా అనదు. తనకు రావలసినదాన్ని పూర్తిగా గానీ కొంత గానీ వదులుకునే స్వేచ్ఛ, దానికి బదులు తనకు తగినదనిపించిన మరేదైనా తీసుకునే స్వేచ్ఛ బాకీ రావలసినవారికి ఉంటాయి. ఆ సెక్షన్‌లో చట్టమే ఇచ్చిన ఉదాహరణలో, ఐదు వేల బాకీకి రెండు వేలు మొత్తం బాకీ కింద ఇస్తే, అవతలివారు అలాగే తీసుకుంటే, ఐదు వేల బాకీ పూర్తిగా తీరిపోతుంది.

దీని మీద తరచుగా ఉదహరించే సుప్రీంకోర్టు తీర్పు హైదరాబాదు నుంచి వచ్చిందే. నిజాం పెద్ద కుమారుడు ఆజం జాకు కపూర్‌చంద్ అనే వర్తకుడు నగలు అమ్మాడు. బాకీ పెరిగి 27 లక్షల రూపాయలు దాటింది. పోలీసు చర్య తర్వాత హైదరాబాదు ప్రభుత్వం రాకుమారుల అప్పుల పరిష్కారానికి ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ ఈ బాకీకి 20 లక్షలు ఇస్తే చాలని తేల్చింది. వర్తకుడు ఆ సొమ్ము అందుకుని, పూర్తి పరిష్కారం కింద ముట్టినట్లు రాసి ఇచ్చాడు. తర్వాత మిగిలిన ఏడు లక్షల చిల్లర కోసం దావా వేశాడు. ప్రామిసరీ నోట్ల మీద పూర్తిగా ముట్టినట్లు రాసిచ్చాక, 20 లక్షలూ చేతికి అందాక, మిగతాది అడిగే హక్కు సెక్షన్ 63 కింద లేదని 1962లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ సొమ్ము బాకీదారు చేతి నుంచి కాక ప్రభుత్వం ద్వారా వచ్చినా ఫలితం అదే.

ఇంటికి ఇంటీరియర్ పనులు చేసిన కాంట్రాక్టరు, పెళ్లికి భోజనాలు పెట్టిన కేటరర్, కారు బాగుచేసిన ప్రైవేటు గ్యారేజీ లాంటివారితో వచ్చే బిల్లు తగాదాలకు ఈ సూత్రం బాగా పనికొస్తుంది. తగాదా నిజమైనదై ఉండాలి, రాసిన మాట స్పష్టంగా ఉండాలి, సొమ్ము తీసుకునేవారు దాన్ని చదివి ఉండాలి. "ముట్టినది, బాకీ లేదు" అని రసీదు మీద వారి చేత రాయించుకుంటే ఇంకేమీ అక్కర్లేదు.

వారు చెక్కు మార్చుకుని, "మేము ఒప్పుకోలేదు, మిగతాది కట్టండి" అంటే?

ఆ మాట ఎప్పుడు అన్నారన్నదే ముఖ్యం. భగవతీ ప్రసాద్ పవన్ కుమార్ కేసులో 2006లో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది. అక్కడ షరతు పెట్టింది రైల్వే. నష్టపరిహారం అడిగిన వర్తక సంస్థకు చెక్కులు పంపుతూ, ఇది సమ్మతం కాకపోతే చెక్కును వెంటనే తిప్పి పంపాలని, దగ్గర ఉంచుకున్నా మార్చుకున్నా పూర్తి పరిష్కారం కింద అంగీకరించినట్లేనని లేఖలో రాసింది. సంస్థ చెక్కులు మార్చుకుంది. అభ్యంతరం చెప్పడం చెక్కులు మార్చుకోకముందే జరిగి ఉంటే సంస్థ షరతును ఒప్పుకోలేదని అర్థమయ్యేదని, అలా జరిగినట్లు రుజువు లేకపోతే మార్చుకోవడమే అంగీకారమని కోర్టు తేల్చింది. దానికి ఆధారం కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 8. ప్రతిపాదనతో పాటు ఇవ్వజూపిన ప్రతిఫలాన్ని స్వీకరించడమే ఆ ప్రతిపాదనకు అంగీకారం అవుతుందని ఆ సెక్షన్ చెబుతుంది.

పెద్ద సంస్థ చిన్నవారి మీద పెట్టిన షరతు నెగ్గిన కేసు ఇది. అదే తర్కం మీ షరతుకూ వర్తిస్తుంది, మీకు ఎదురుగానూ వర్తిస్తుంది. బీమా కంపెనీ గానీ బిల్డర్ గానీ ఇలాంటి లేఖతో తక్కువ మొత్తానికి చెక్కు పంపితే, ముందు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, జవాబు వచ్చేదాకా చెక్కును బ్యాంకులో వేయకండి. ఒత్తిడి పెట్టి ఫుల్ అండ్ ఫైనల్ వోచర్ మీద సంతకం చేయించుకున్నప్పుడు ఆ సంతకం కట్టుబడదని 2009లో బోఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఒత్తిడి జరిగిందని నిరూపించే భారం సంతకం పెట్టినవారిదే.

చెక్కు మీదే షరతు రాయవచ్చా?

వద్దు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881 ప్రకారం చెక్కు అంటే బ్యాంకుకు ఇచ్చే షరతులు లేని ఆదేశం. "ఫలానా పని పూర్తయితేనే చెల్లించాలి" అని దాని మీద రాస్తే అది చెక్కు లక్షణాన్నే కోల్పోయే ప్రమాదం ఉంది. చెప్పదలచింది వేరే లేఖలో రాసి, అందులో చెక్కు నంబరు, తేదీ, మొత్తం పేర్కొనండి.

యూపీఐలో రిమార్క్ కింద రాస్తే సరిపోతుందా?

సాక్ష్యంగా కొంత పనికొస్తుంది, షరతుగా దాదాపు పనికిరాదు. చెక్కును బ్యాంకులో వేయాలంటే తీసుకునేవారు ఒక పని చేయాలి. ఆ పనినే కోర్టు అంగీకారంగా చూసింది. యూపీఐ, నెఫ్ట్ సొమ్ము వారి ప్రమేయం లేకుండానే ఖాతాలో పడుతుంది కనుక, పడినంత మాత్రాన ఒప్పుకున్నారనలేం. భారత్ బిల్‌పే ద్వారా కడితే రిమార్క్‌కు కూడా చోటు ఉండకపోవచ్చు, కొన్ని సంస్థలు బిల్లులో ఉన్న కచ్చితమైన మొత్తం తప్ప మరేదీ తీసుకోవు. అందుచేత లేఖనో ఈమెయిల్‌నో ముందు పంపి, వారు సమ్మతి తెలిపాక సొమ్ము పంపడం మంచిది.

కరెంటు బిల్లు అన్యాయంగా ఎక్కువ వచ్చింది. షరతు పెట్టలేను, మానేస్తే ఫీజు పీకేస్తారు. ఏం చేయాలి?

ఇక్కడ మీరు సొంతంగా షరతు కనిపెట్టనక్కర్లేదు, చట్టమే ఒకటి తయారుచేసి పెట్టింది. విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 56 ప్రకారం బకాయి కోసం సరఫరా ఆపాలంటే కనీసం పదిహేను పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అదే సెక్షన్‌లోని మినహాయింపు ఇంకా విలువైనది. వినియోగదారు అభ్యంతరం తెలుపుతూ, అంటే కోర్టు భాషలో అండర్ ప్రొటెస్ట్‌గా, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అడిగిన మొత్తాన్ని గానీ, గత ఆరు నెలల సగటు చార్జీ ప్రకారం లెక్కగట్టిన నెలవారీ మొత్తాన్ని గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది జమచేస్తే, తగాదా తేలేదాకా సరఫరా ఆపకూడదు.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఒక ఇంటికి గత ఆరు నెలల్లో వరుసగా 1,640, 1,720, 1,810, 2,150, 2,460, 2,220 రూపాయల బిల్లులు వచ్చాయనుకుందాం. మొత్తం 12,000, సగటు 2,000. ఈ నెల మీటరు రీడింగ్ తేడాతో 14,600 బిల్లు వస్తే, ఆ నెలకు 2,000 రూపాయలు అభ్యంతరంతో జమచేస్తే చట్టం ఇచ్చిన రక్షణ లభిస్తుంది. అయితే కౌంటర్‌లోనో యాప్‌లోనో 2,000 కట్టి ఊరుకుంటే అది కేవలం పాక్షిక చెల్లింపు అవుతుంది, మిగతాది బకాయిగా వచ్చే బిల్లులో కనబడుతుంది. సెక్షన్ 56 పేరు ప్రస్తావిస్తూ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)కు గానీ, బిల్లుల లెక్కలు చూసే ఈఆర్‌ఓ కార్యాలయానికి గానీ లేఖ ఇచ్చి, మీటరు పరీక్ష కోరి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. తగాదా నడుస్తున్నన్నాళ్లూ తర్వాతి నెలలవి కూడా ఇదే పద్ధతిలో కడుతూ పోవాలి.

అక్కడ తేలకపోతే డిస్కంలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, అంటే సీజీఆర్‌ఎఫ్‌కు వెళ్లాలి. ఆ తీర్పు నచ్చకపోతే ఆ పై స్థాయిలో ఫిర్యాదు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మీరు అక్రమంగా వాడారని సెక్షన్ 126 కింద వేసిన అంచనా బిల్లుకు మాత్రం ఈ దారి వర్తించదు. తుది ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లోగా, సగం మొత్తం కట్టి, సెక్షన్ 127 కింద అప్పీలు చేసుకోవాలి. అలాంటి అంచనాల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదని 2013లో అనీస్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంధన సర్దుబాటు చార్జీలు అన్యాయమని నమ్ముతున్నాను. వాటిని తీసేసి మిగతాది కట్టవచ్చా?

కట్టకండి. అవి విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం వేసినవి, ఒక్క వినియోగదారుకు వాటిని మాఫీ చేసే అధికారం డిస్కంకే లేదు. ఆ చార్జీల మీద అభ్యంతరం చెప్పే చోటు మండలి పిలిచే బహిరంగ విచారణ. అక్కడ రాతపూర్వక అభ్యంతరం ఎవరైనా ఇవ్వవచ్చు. ఇచ్చేవారు మరీ తక్కువమంది కావడం విచారకరం.

కొన్న ఇంటికి పాత యజమాని కరెంటు బకాయి ఉంది. "ఇది నా బాకీ కాదు" అని రాసి నా వాడకానికే కడితే?

మీ రాష్ట్ర నిబంధనలు పాత బకాయిని ఆ ఆవరణతో ముడిపెట్టి ఉంటే మీ రాతకు విలువ ఉండదు. కొత్త యజమాని కనెక్షన్ కోరినప్పుడు పాత బకాయి కట్టమనడం, నిబంధనలు అనుమతిస్తే, చెల్లుతుందని 2023లో కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్‌కు ముందే బకాయి లేదన్న ధ్రువీకరణ అడగండి, లేదా అమ్మకపు ధరలో ఆ మేరకు కోత పెట్టండి.

చెల్లించేవారికి చట్టం ఇచ్చిన షరతు హక్కు అసలేదైనా ఉందా?

ఉంది, కానీ దాన్ని వాడుకునేవారు అరుదు. ఒకే సంస్థకు మీరు వేర్వేరు బాకీలు ఉన్నప్పుడు, ఈ సొమ్ము ఏ బాకీ కింద జమచేయాలో చెప్పే హక్కు కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 59 కింద మీదే. మీరు చెప్పి ఇచ్చాక, సొమ్ము తీసుకుంటే వారు అలాగే జమచేయాలి. మీరు చెప్పకపోతే సెక్షన్ 60 కింద ఆ నిర్ణయం వారిది అవుతుంది. కోర్టులో వేయడానికి గడువు దాటిపోయిన పాత బాకీకి సైతం వారు జమచేసుకోవచ్చు. ఇద్దరూ చెప్పకపోతే సెక్షన్ 61 ప్రకారం పాతది ముందు తీరుతుంది.

ఒకే బ్యాంకులో పంట రుణమూ బంగారు రుణమూ ఉన్న రైతుకు ఇది పెద్ద విషయం. పంట రుణం గడువులోగా తీరితే వడ్డీ రాయితీ దక్కుతుంది. ఆ సొమ్ము బంగారు రుణానికి జమైతే రాయితీ పోతుంది. అందుకే స్లిప్పు మీద రుణ ఖాతా నంబరు రాసి, రసీదులో అదే నంబరు ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. అయితే ఒకే అప్పులోని అసలుకూ వడ్డీకీ మధ్య ఈ ఎంపిక లేదు. ఒప్పందంలో వేరే మాట లేకపోతే సొమ్ము ముందు వడ్డీకే పోతుంది.

అభ్యంతరంతో కట్టిన సొమ్ము తిరిగి వస్తుందా?

కట్టవలసిన అవసరం లేనిదని తేలితే వస్తుంది. పొరపాటున గానీ బలవంతం మీద గానీ చెల్లించిన సొమ్మును తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 72 చెబుతుంది. అభ్యంతరం లేఖ ఆ బలవంతానికి సాక్ష్యం. అది లేకపోతే ఇష్టపూర్వకంగానే కట్టారని వాదిస్తారు.

కొంత కట్టడం వల్ల నాకే నష్టం జరిగే అవకాశం ఉందా?

ఉంది. బాకీ కోసం దావా వేసే గడువు తీరకముందు అందులో కొంత కడితే, మీ చేతిరాత గానీ సంతకం గానీ దానికి ఆధారంగా ఉంటే, లిమిటేషన్ చట్టం, 1963లోని సెక్షన్ 19 కింద అవతలివారికి కోర్టుకు వెళ్లే గడువు కొత్తగా మొదలవుతుంది. మీరు పూర్తిగా కాదంటున్న బాకీకి పీడ వదిలించుకుందామని కొంత విదిలించడం ఈ కారణంగా ప్రమాదకరం.

క్రెడిట్ కార్డు బిల్లులో ఒక ఎంట్రీ నాది కాదు. దాన్ని మినహాయించి కట్టవచ్చా?

ముందు బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, బిల్లు మీద ఫిర్యాదు చేస్తే బ్యాంకు 30 రోజుల్లోగా వివరణ, అవసరమైతే ఆధారాలు ఇవ్వాలి. మోసం అని మీరు ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద తగాదా తేలేదాకా చార్జీలు వేయకూడదు. వివాదం లేని మిగతా సొమ్మును మాత్రం గడువులోగా కట్టండి.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడ చెక్కు మీద "పెయిడ్ ఇన్ ఫుల్" అని రాస్తే పనిచేస్తుందంటారు, నిజమేనా?

కొంతవరకు నిజం. చాలా రాష్ట్రాలు అనుసరించే యూనిఫాం కమర్షియల్ కోడ్‌లోని 3-311 ప్రకారం, బాకీ మీద నిజాయితీతో కూడిన తగాదా ఉండి, పూర్తి పరిష్కారం కింద ఇస్తున్నట్లు స్పష్టంగా కనబడేలా రాస్తే, చెక్కు మార్చుకున్నవారి క్లెయిమ్ ముగుస్తుంది. కానీ సంస్థలకు అక్కడ రెండు రక్షణలున్నాయి. తగాదా చెక్కులు ఫలానా చిరునామాకే పంపాలని ముందే చెప్పి ఉంచవచ్చు, లేదా 90 రోజుల్లోగా సొమ్ము తిప్పి ఇచ్చి షరతు నుంచి బయటపడవచ్చు. మామూలు బిల్లులు పంపే చిరునామాకు చెక్కు వేసి గెలిచామనుకోకండి.

అభ్యంతరం లేఖలో ఏం రాయాలి?

రెండు మూడు వాక్యాలు చాలు. కరెంటు బిల్లుకైతే ఇలా ఉండవచ్చు: "నా సర్వీసు నంబరు ఫలానా, ఫలానా నెల బిల్లు రూ. 14,600ను నేను అంగీకరించడం లేదు. విద్యుత్ చట్టం సెక్షన్ 56(1) మినహాయింపు ప్రకారం గత ఆరు నెలల సగటు రూ. 2,000ను అభ్యంతరంతో జమచేస్తున్నాను. ఈ చెల్లింపు బిల్లును ఒప్పుకున్నట్లు కాదు. మీటరును పరీక్షించి బిల్లును సవరించవలసిందిగా, తగాదా తేలేవరకు సరఫరా ఆపవద్దని కోరుతున్నాను." గత ఆరు బిల్లుల నకళ్లు, మీటరు ఫొటో జతచేయండి. కోపం, బెదిరింపు, పరువునష్టం ప్రస్తావనలు వద్దు. రేపు అంబుడ్స్‌మన్ ముందు చదివేది ఈ కాగితమే.

కార్యాలయంలో లేఖ తీసుకోబోమని అంటే?

వాదన పెట్టుకోకుండా అదే రోజు స్పీడ్‌పోస్టులో, అందినట్లు రుజువు వచ్చే విధంగా పంపి, డిస్కం అధికారిక ఈమెయిల్‌కు కూడా ఒక ప్రతి పెట్టండి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ నంబరును లేఖ నకలు మీద రాసి ఉంచుకోండి.